సంతకానికి ముందు ఒక మాట

తల్లి, తండ్రి, గురువు అనే వరస మనకు ఉగ్గుపాలతోనే అబ్బింది. కాని బడి గుమ్మం ఎక్కేసరికి ఆ వరస తిరగబడుతుంది. పిల్లవాడికి మాట ఆలస్యమైనా, చదువు పట్టుబడకపోయినా, "మీరెలా అంటే అలాగేనండి" అని చేతులు కట్టుకుని వచ్చేస్తాం. దీన్ని కొందరు వినయమంటారు. నేను ఒప్పుకోను.

ఈ అలవాటు సముద్రాలు దాటినా వదలదు. మన పూర్వవిద్యార్థులెందరో స్థిరపడిన అమెరికాలో, ప్రత్యేక విద్య పొందే ప్రతి పిల్లవాడి కోసం ప్రభుత్వ బడివారు ఏడాదికి ఒక్కసారైనా సమావేశం జరిపి, వాడికంటూ ఒక ప్రణాళిక రాయాలి. దాన్నే ఐ.ఇ.పి. అంటారు. 1975 నాటి చట్టంతో వచ్చిన ఏర్పాటు ఇది. అందులో తల్లిదండ్రులు అతిథులు కారు, సభ్యులు. భాష అర్థం కాకపోతే దుబాసీని పెట్టవలసింది బడివారే. తల్లిదండ్రులు రాతమూలకంగా ఒప్పుకోనిదే ప్రత్యేక విద్య మొదలుపెట్టడానికి వీల్లేదు.

మా అక్క అక్కడే ఉంటోంది. మొదటి సమావేశంలో వారానికి అరగంట స్పీచ్ థెరపీ అని రాసి, కాగితం ముందుకు తోశారట. "అరగంట ఏ లెక్కన?" అని అడిగితే ఎవరూ సరిగా చెప్పలేదు. అక్క సంతకం పెట్టకుండా కాగితం ఇంటికి తెచ్చుకుని, చదివి, మళ్ళీ సమావేశం కోరింది. అరగంట గంటయింది. మా మేనల్లుడికి ఆ తేడా చిన్నది కాదు.

మరి మన సంగతి? 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం, 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య ఇచ్చింది. దగ్గరి బడిలో చదివించాలా, ప్రత్యేక బడిలోనా అన్నది వాళ్ళ ఇష్టం. ప్రతి విద్యార్థి ప్రగతినీ గమనించాలనీ ఉంది. కాని ఆ పిల్లవాడి తల్లితో ఏటా కూర్చుని మాట్లాడి తీరాలన్న నియమం మాత్రం ఆ చట్టంలో లేదు.

"అంతమంది పిల్లల్లో ఒక్కొక్కరికీ సమావేశమా?" అంటారు మేష్టార్లు. వాళ్ళ కష్టం నిజమే. అయితే మేష్టారికి తరగతి తెలుసు, తల్లికి బిడ్డ తెలుసు. ఈ రెండూ ఒక బల్ల దగ్గర కలవకపోతే నష్టపోయేది పిల్లవాడే.

మిత్రులారా, రేపు మనలో కొందరు ఉపాధ్యాయులవుతారు, చాలామంది తల్లిదండ్రులవుతారు. అడగడం అమర్యాద కాదని చట్టం చెప్పేదాకా ఆగక్కర్లేదు. వచ్చిన తల్లికి ముందు కుర్చీ వేద్దాం, కాగితం తరవాత చూపిద్దాం.