పీజీ అన్నలూ, అక్కలూ... మెట్టకు రండి!

ప్రాజెక్టు అంటే పాత రికార్డు చూసి ఎక్కించడమేనా? వరికుంటపాడు నుంచి ఆత్మకూరు దాకా మన డిగ్రీ పిల్లలకు ఇంకో దారి చూపేవాళ్లేరీ?

పక్కనే ఉదయగిరి ఉంది. దుర్గం కొండల నర్ది, బిక్కి కర్రతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కే ఊరు. జీఐ గుర్తింపు దక్కిన పని. అందులో ఆడవాళ్ల చెయ్యే ఎక్కువ. ఆ చెంచా పిడికి కొత్త నగిషీ గీసినా, చెక్కే తీరును ఫొటోలతో పుస్తకం చేసినా అంతకు మించిన ప్రాజెక్టు ఏముంటుంది? కావలసిందల్లా పక్కన కూర్చుని గీత దిద్దే సీనియర్. లెక్చరర్‌కు సిలబస్సుతోనే సరిపోతుంది. పైగా ఆయన ముందు నోరు విప్పని పిల్లాడు, నిన్నమొన్న ఆ తిప్పలే పడ్డ పీజీ అన్నను ధైర్యంగా అడుగుతాడు.

2008లో నెల్లూరుకు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చింది. 2020లో వెలికొండల అవతల కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ వర్సిటీ పెట్టారు. బోర్డులు సరే, మన మెట్టకు ఒరిగిందేమిటి?

సెలవుల్లో పదిహేను రోజులు బొమ్మ గీయడం, డిజైన్ తెలిసిన పై తరగతి విద్యార్థులను పంపండి. బస్సు చార్జీ, భోజనం ఇవ్వండి. ఆ పనికి వాళ్లకూ మార్కులు వేయండి. ఊరికే సేవ చేయమంటే ఎవరొస్తారు? పని చూపించే ఉదయగిరి అమ్మలకు రోజుకూలి కట్టివ్వండి. వచ్చే వేసవికే!