బెంగళూరులో పర్మనెంటు, చెన్నైలో ప్రైవేటు: పారిశుద్ధ్య కార్మికుల మనోధైర్యం మన ఇంటి సంగతే

2025 మే 1న బెంగళూరులో 12,692 మంది పౌరకార్మికులకు కర్ణాటక ప్రభుత్వం పర్మనెంటు ఉద్యోగ పత్రాలు ఇచ్చింది. సరిగ్గా మూడు నెలలకు, ఆగస్టు 1న, చెన్నై కార్పొరేషన్ కార్యాలయమైన రిపన్ బిల్డింగ్ ముందు పారిశుద్ధ్య కార్మికులు రోడ్డు మీద కూర్చున్నారు. రెండు ఊళ్లలోనూ చేసే పని ఒకటే. రెండు చోట్లా ఆ పని చేసేవారిలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఒక ఊళ్లో ఉద్యోగి తల ఎత్తుకుని ఇంటికి వెళ్లాడు, ఇంకో ఊళ్లో ఉన్న పని కూడా ఉంటుందో పోతుందో తెలియక వీధిన పడ్డాడు. ఈ తేడా ఎక్కడ పుట్టిందో మనం తెలుసుకోవాలి.

బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు ఎక్కువన్నది అందరికీ తెలిసిందే. తాతల కాలంలో రాయలసీమ నుంచి, సరిహద్దు పల్లెల నుంచి వచ్చి స్థిరపడినవారు వీరు. చెన్నైలోనూ ఆది ఆంధ్ర, అరుంధతీయ కుటుంబాలు తరాలుగా ఇదే పనిలో ఉన్నాయి. మన సంఘాల సభల్లో తెలుగువారి ఘనత గురించి చెప్పుకునేటప్పుడు వ్యాపారులు, సినిమావాళ్లు, ఐటీ ఉద్యోగులు గుర్తొచ్చినంతగా వీరు గుర్తు రారు. కాబట్టి ఈ లెక్క మనమే చూసుకోవాలి.

బెంగళూరులో ఏం జరిగింది?

చాలాకాలం బెంగళూరు పౌరకార్మికుడి జీతం గుత్తేదారు చేతిలో ఉండేది. పాలికె గుత్తేదారుకు ఇస్తుంది, గుత్తేదారు తనకు తోచినప్పుడు, తోచినంత కార్మికుడికి ఇస్తాడు. పీఎఫ్ కట్టారో లేదో తెలియదు. హాజరు పుస్తకంలో లేని మనుషుల పేర్లు ఉండేవన్న ఆరోపణలూ వచ్చాయి. కార్మికులు, వారి సంఘాలు ఏళ్ల తరబడి పోరాడితే 2018 నాటికి గుత్త పద్ధతి పోయి, ఊడ్చేవారికి జీతం నేరుగా బ్యాంకు ఖాతాలో పడడం మొదలైంది. మార్పు వచ్చిన తొలి నెలల్లోనూ జీతాలు ఆగిపోయి కుటుంబాలు నలిగిపోయాయి. 2022 జూలైలో కార్మికులు పని ఆపి సమ్మెకు దిగాక పర్మనెంటు చేస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో మంత్రివర్గం ఆమోదించింది. పత్రాలు చేతికి రావడానికి ఇంకో రెండున్నరేళ్లు పట్టింది. పర్మనెంటు అయినవారికి నెలకు సుమారు 39 వేలు వస్తుందని ప్రభుత్వమే ప్రకటించింది.

చెన్నైలో ఏం జరిగింది?

చెన్నై కార్పొరేషన్ 1688లో ఏర్పడింది. దేశంలో దానికన్నా పాత నగరపాలక సంస్థ లేదు. అందులో చాలా జోన్లలో చెత్త పని ముందే ప్రైవేటు కంపెనీల చేతికి పోయింది. 2025లో రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్లనూ ప్రైవేటుకు అప్పగించాలని నిర్ణయించారు. అక్కడ స్వయం సహాయక బృందాల పేరున కార్పొరేషన్ కిందే ఏళ్లుగా పనిచేస్తున్నవారికి నెలకు 23 వేల దాకా వచ్చేది. కంపెనీ కిందకు వెళ్తే అది బాగా తగ్గుతుందని, ఇన్నేళ్ల సర్వీసు లెక్కలోకి రాదని వారి భయం. ఎన్నికల్లో పర్మనెంటు చేస్తామన్న మాట ఏమైందని అడిగారు. పదమూడు రోజులు కూర్చున్నాక, హైకోర్టు ఆదేశం మేరకు పోలీసులు ఆగస్టు 13 అర్ధరాత్రి వారిని అక్కడి నుంచి తరలించారు. మరునాడు ప్రభుత్వం ఉచిత అల్పాహారం, బీమా, ఇళ్లు, పిల్లల చదువుకు సాయం ప్రకటించింది. అవన్నీ మంచివే. కానీ వారు అడిగింది ఉద్యోగం ఎవరిదన్న ప్రశ్నకు జవాబు. అది రాలేదు.

మనోధైర్యం దేని మీద నిలుస్తుంది?

సన్మాన సభలో శాలువా కప్పితే ఒక పూట సంతోషం. కర్ణాటకలో సెప్టెంబరు 23న పౌరకార్మికుల దినం జరుపుతారు. ఆ రోజు దండలు వేస్తారు, మర్నాడు మళ్లీ చీపురే. ఉద్యోగి ధైర్యం మూడు విషయాల మీద ఉంటుందని మేము అనుకుంటున్నాం.

మొదటిది, జీతం ఏ తేదీన వస్తుందో ముందే తెలియడం. ఆ ఒక్కటి తెలిస్తే వడ్డీకి అప్పు తెచ్చే అవసరం సగం తగ్గుతుంది, బడి ఫీజు సమయానికి కట్టగలుగుతారు.

రెండోది, తప్పు జరిగితే ఎవరిని అడగాలో తెలియడం. మేస్త్రీ దురుసుగా మాట్లాడినా, చేతి తొడుగులు ఇవ్వకపోయినా, ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేకపోయినా, గుత్తేదారు కింద ఉన్నవారు నోరెత్తితే మర్నాడు పని ఉండదు. పర్మనెంటు అయినవారు అడగగలరు. అడగగలిగినవాడే పనిని తనదనుకుంటాడు.

మూడోది, పిల్లలు ఈ చీపురు పట్టనవసరం లేదన్న నమ్మకం. పర్మనెంటు ఉద్యోగానికి అసలు విలువ ఇక్కడే ఉంది. అమ్మ జీతం నిలకడగా ఉంటే కూతురు డిగ్రీ దాకా చదువుతుంది.

కోర్టుల దారి

ఇన్నేళ్లూ పర్మనెంటు అడిగినప్పుడల్లా అధికారులు చూపించింది 2006 నాటి ఉమాదేవి కేసు తీర్పు. అది కర్ణాటక నుంచే వెళ్లిన కేసు. నియామక పద్ధతి పాటించకుండా తీసుకున్నవారికి పర్మనెంటు అయ్యే హక్కు లేదని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. అయితే 2024 డిసెంబరులో జగ్గో కేసులో అదే కోర్టు, ఎప్పుడూ ఉండే పనిని ఏళ్లకేళ్లు చేయించుకుని ఆ పాత తీర్పును అడ్డం పెట్టుకోవడం తగదని తేల్చింది. వీధి ఊడ్చే పని ఎప్పుడూ ఉండే పని కాదని ఎవరు అనగలరు? ఈ మాట చెన్నై, భువనేశ్వర్, పుణె కార్మికులకూ పనికొస్తుంది.

బెంగళూరులోనూ కథ అయిపోలేదు. చెత్త ఆటోల డ్రైవర్లు, హెల్పర్లు చాలాకాలంగా గుత్తేదారుల కిందే నలుగుతూ వచ్చారు. ముప్పై ఏళ్లు ఊడ్చి యాభై దాటాక పర్మనెంటు అయినవారికి మిగిలిన సర్వీసు కొద్దిదే, పింఛను కూడా ఆ మేరకే. 2025 సెప్టెంబరులో పాలికె పోయి గ్రేటర్ బెంగళూరు కింద అయిదు కార్పొరేషన్లు వచ్చాయి. యజమాని పేరు మారినప్పుడల్లా ఫైళ్లు ఎక్కడో ఒకచోట చిక్కుకుంటాయి. అందుకే పత్రాలు అందినవారు కూడా కాగితాలు జాగ్రత్త చేసుకోవాలి.

మనం చేయగలిగింది

ఈ పనిలో ఉన్న కుటుంబాలకు మా మాట ఇది: ఉద్యోగ పత్రం, జీతం చీటీ, పీఎఫ్ పుస్తకం, ఈఎస్ఐ కార్డు ఏటా ఒకసారి చదువుకున్న బిడ్డతో చూపించుకోండి. కుల ధ్రువపత్రం పిల్లలు పదో తరగతికి రాకముందే తీసిపెట్టుకోండి. కాలేజీ అడ్మిషన్ల వేళ తిరిగితే సీటు చేజారిపోవచ్చు.

మిగతా తెలుగు ఇళ్లకు: తడి, పొడి చెత్త వేరు చేయండి. పగిలిన గాజు, శానిటరీ ప్యాడ్లు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వండి. తడి, పొడి వేరు చేయాలన్నది 2016 నుంచి నిబంధన కూడా. గుమ్మం ముందు నిలబడిన మనిషితో తెలుగులో రెండు మాటలు మాట్లాడండి, మంచినీళ్లు ఇవ్వండి.

మన సంఘాలకు ఒక విన్నపం. ఈసారి ఉగాది సభకు పౌరకార్మికులను పిలిస్తే కుర్చీలు సర్దడానికి పిలవకండి, వేదిక మీదకు పిలవండి. కార్యవర్గంలో ఒక చోటు ఇవ్వండి. వాళ్ల పిల్లలకు స్కాలర్‌షిప్ పెట్టండి. భాషా మైనారిటీ హక్కులంటూ ప్రభుత్వాలకు అర్జీలు రాసే మనం, మనలో చీపురు పట్టినవారి అర్జీ మీద కూడా సంతకం పెట్టాలి.