కరేపాకు చెట్టుకు ఫోన్లో వైద్యం చెయ్యకండి

నవంబరు వచ్చిందంటే మన ఊళ్లో అమ్మలందరం డాక్టర్లమైపోతాం. అమెరికాలో పిల్లల ఇంట్లో కరేపాకు కుండీ ఆకులు రాల్చిందని తెలిస్తే చాలు, ఇక్కడ పెనుకొండలో మంచం మీద కూర్చుని మందు చెప్పేస్తాం. "నీళ్లు సరిగ్గా పోస్తాండావా? పుల్లమజ్జిగ పోసి చూడు." నేనూ చెప్పినాను. న్యూజెర్సీలో మా పెద్దపాప నా మాట విని రోజూ పోసింది. ఆరేళ్లు పెంచిన చెట్టు జనవరికి వేర్లు కుళ్లి పోయింది.

అందుకే అంటున్నా, ఈ వైద్యం మానుకుందాం.

డిసెంబరులో కొండ గాలికి మనం శాలువా కప్పుకుంటాం గానీ, మన చెట్టుకు తెలిసిన చలి ఏపాటిది? మన భయమంతా ఎండాకాలం. నీళ్లు లేక ఎండిపోయే చెట్లను చూస్తూ పెరిగినోళ్లం కాబట్టి ఆకు రాలితే మనకు బిందె గుర్తొస్తుంది. అక్కడ జనవరి అంటే నీళ్లు గడ్డకట్టే చలి. కుండీ ఇంట్లోకి తెచ్చినా పగలు పొట్టి, వెలుతురు తక్కువ. చెట్టు ఆకులు వదిలేసి నిద్రపోతుంది. నిద్రపోయే చెట్టు నీళ్లు పెద్దగా తాగదు. పోసిందంతా మట్టిలోనే నిలిచి, వేర్లకు గాలాడక కుళ్లుతాయి. మజ్జిగ పోసేదుంటే చిగురేసే చెట్టుకు పొయ్యాల. నిద్రపోయే బిడ్డను లేపి ముద్దలు పెడతామా? (మా అత్త పెట్టేది. ఆ కథ ఇంకోసారి.)

చెయ్యాల్సింది చాలా తక్కువ. రాత్రి చలి పది డిగ్రీలకు దిగకముందే కుండీ లోపలికి రావాల. దక్షిణం కిటికీ దగ్గర, హీటరు గాలి నేరుగా తగలని చోట. మట్టిలో వేలు గుచ్చి, లోపల ఎండితేనే నీళ్లు. ఎరువు వద్దు. ఆకులన్నీ రాలినా గోటితో కొమ్మ గీకితే లోపల పచ్చగా ఉందంటే బతికే ఉన్నట్టు. మే నెల నడుమ మంచు భయం పోయాక బయటికి, అదీ మొదట వారం పది రోజులు నీడలోనే.

"పోతే పోనీలే, ఈసారి వచ్చేటప్పుడు పిలక ఒకటి సూట్‌కేసులో పెట్టుకొస్తా" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కరేపాకు చెట్టు మీద బతికే ఒక చిన్న పురుగు నిమ్మ, నారింజ చెట్లను చంపే తెగులును మోస్తుంది. 2005లో ఆ తెగులు ఫ్లోరిడాలో బయటపడి, తర్వాత అక్కడి నారింజ తోటలను తినేసింది. విమానాశ్రయంలో ఆకు కనపడితే పారేసేది మనమంటే పడక కాదు. అనంతపురం సీమలో చీనీ తోటలు చూసినోళ్లం, చెట్లు పోతే రైతు ఏమవుతాడో మనకు వేరే చెప్పాలా?

పాప అక్కడే నర్సరీలో ఇంకో మొక్క కొనుక్కుంది. మొన్న ఫోన్ చేసి, "మా, మళ్లీ ఆకులు రాలుతున్నాయి" అంది. మజ్జిగ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, "గోటితో గీకి చూడు" అన్నాను. ఫోను పక్కన పెట్టి పోయింది.

"పచ్చగానే ఉంది మా. సరే గానీ, నాన్న బీపీ మాత్ర వేసుకున్నాడా?"