బాలీవుడ్ అన్నారని అరిచాం సరే, మన ఎక్సెల్ షీటు సంగతేంటి?

మొన్న పండక్కి తెనాలి వెళ్ళినప్పుడు అమ్మ దేవదాసు చూస్తానంది. హాల్లో పెద్ద టీవీ, దానికి నేనే కట్టిపెట్టిన మూడు స్ట్రీమింగు చందాలు. ఇంకేం కావాలి? రిమోటు మీద మైకు బొమ్మ ఉన్న మీట నొక్కి పేరు చెప్పమన్నాను. చెప్పింది. ముందు రామ్, ఇలియానా వచ్చారు. పక్కన నాగార్జున, నాని. ఆ పక్కన షారుఖ్ ఖాన్.

"ఒరే, నాగేశ్వర్రావేడిరా?"

ఇంగ్లీషులో నాలుగు రకాల స్పెల్లింగులతో వెతికాను. పావుగంటకి దొరికింది. బొమ్మ సరైనదే. సంవత్సరం దగ్గర 2016 అని ఉంది. అది బహుశా ఎవరో ఫైలు ఎక్కించిన ఏడాది అయ్యుంటుంది. భాష దగ్గర తమిళం. నొక్కితే వినబడింది మాత్రం శుభ్రమైన తెలుగు. అప్పటికి అమ్మకి నిద్రొచ్చేసింది. లేచి వెళ్తూ "నీ ఉద్యోగం కూడా ఇదేగా, ఆ మాత్రం వెతకలేకపోయావా" అనేసి పోయింది.

గుచ్చుకుంది. ఎందుకంటే నా ఉద్యోగం నిజంగా ఇదే. సినిమాలు, సీరియళ్ళు స్ట్రీమింగు సర్వీసులకి ఎక్కేముందు వాటి వివరాలు తయారుచేసే పనిముట్లు రాసే పని కొన్నేళ్ళు చేశాను. పేరు, ఏడాది, భాష, నిడివి, తారాగణం, సాంకేతిక వర్గం, కథా సారాంశం, వయసు రేటింగు, ఏ దేశంలో ఎప్పటినుంచి ఎప్పటిదాకా చూపించొచ్చు... వీటన్నిటినీ కలిపి మెటాడేటా అంటాం. వీడియో ఫైలు ఎంత గొప్పగా ఉన్నా ఇది తప్పయితే ఆ సినిమా లేనట్టే లెక్క. లైబ్రరీలో పుస్తకం ఉంది, కానీ కార్డు వేరే డ్రాయర్లో ఉంది అన్నట్టు.

ఇక అసలు కడుపుమంట. 2023 జనవరిలో రాజమౌళి అమెరికాలో డైరెక్టర్స్ గిల్డు ప్రదర్శనలో నిలబడి "ఇది బాలీవుడ్ సినిమా కాదు, తెలుగు సినిమా" అని విడమరిచి చెప్పుకోవాల్సొచ్చింది. మార్చిలో ఆస్కారు రోజున మళ్ళీ ఆ బాలీవుడ్ మాటే వినబడేసరికి మనవాళ్ళు ఇంటర్నెట్టంతా దద్దరిల్లిపోయేట్టు అరిచారు. నేనూ అరిచాను, దాచుకోవడం దేనికి. అయితే ఒక్కసారి ఆలోచించండి. 2022 మే 20న ఆ సినిమా ప్రపంచమంతటికీ నెట్‌ఫ్లిక్సులో వచ్చింది హిందీ డబ్బింగుగా. తెలుగుతో సహా దక్షిణాది భాషలు అదే రోజున జీ5లో వచ్చాయి. అమెరికాలో ఎక్కడో సోఫాలో కూర్చుని చూసినవాడి చెవికి హిందీ వినబడింది. వాడు బాలీవుడ్ అనుకోక కూచిపూడి అనుకుంటాడా? హక్కులు భాషలవారీగా విడగొట్టి అమ్మింది మనవాళ్ళే. వ్యాపారం, తప్పు పట్టను. కానీ విడగొట్టినప్పుడు "ఇది డబ్బింగు, మూలం తెలుగు" అన్న సంగతి ప్రతి ముక్కతోబాటూ ప్రయాణం చెయ్యాలి. అలా ప్రయాణం చేసే గడి ఒకటుంది. దాని పేరు 'మూల భాష'. ఆ గడిలో మనం ఏం రాస్తున్నామన్నదే నా ప్రశ్న.

2021లో ఒక పంపిణీదారు దగ్గరనుంచి పాత తెలుగు సినిమాల జాబితా నా చేతికొచ్చింది (పేరు చెప్పను, ఇప్పటికీ వాళ్ళ సినిమాలంటే నాకిష్టం). ఎక్సెల్ షీటు. సగానికి పైగా వరసల్లో మూల భాష హిందీ! కారణం తెలిశాక ఏడవాలో నవ్వాలో తెలియలేదు. దేశం దగ్గర ఇండియా అని ఎంచుకుంటే పక్క గడిలో హిందీ దానంతటదే పడేట్టు ఎవరో మహానుభావుడు ఆ షీటు తయారుచేశాడు. నింపే కుర్రాడు దాన్ని మార్చలేదు. తర్వాత చూడాల్సినవాడు చూడలేదు. నేను ఫోన్ చేసి అడిగితే అవతలినుంచి వచ్చిన జవాబు: "ఆడియో తెలుగే కదండీ, వినేవాడికి తెలుస్తుందిలెండి". వినడానికి ముందు దొరకాలి కదా మహాప్రభో! 'తెలుగు సినిమాలు' అన్న వరసలో ఆ సినిమా రాదు. తెలుగు సినిమాలు చూసేవాడికి ఆ సినిమాని సూచించదు. ఎవరూ చూడరు. ఎవరూ చూడట్లేదు కాబట్టి వచ్చే ఏడాది ఒప్పందం పొడిగించరు. అప్పుడు పంపిణీదారుగారు "పాత తెలుగు సినిమాలు ఎవడు చూస్తాడండీ" అంటారు.

అన్నీ బద్ధకం వల్ల వచ్చే తప్పులే అనను. కొన్ని నిజంగా చిక్కు ప్రశ్నలే. అసలు నాకు ఈ పని మీద ప్రేమ పుట్టింది కూడా వాటివల్లే.

మాయాబజారు తీసుకోండి. 1957. విజయావారు తెలుగు, తమిళం రెండూ తీశారు. డబ్బింగు కాదు, రెండూ అసలువే. కృష్ణుడు రెండింట్లోనూ రామారావే, ఘటోత్కచుడు రంగారావే, శశిరేఖ సావిత్రే. కానీ అభిమన్యుడు తెలుగులో నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ గణేశన్. ఇప్పుడు ఇది ఒక సినిమానా, రెండా? ఒకటే అని రాస్తే తారాగణం తప్పు. ఏ సంబంధమూ లేని రెండు అని రాస్తే చరిత్ర తప్పు. దీనికి తోడు 2010లో తెలుగు సినిమాకి రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. అది కొత్త సినిమానా? కాదు, అదే సినిమాకి మరో రూపం. మరి 1936లో వచ్చిన మాయాబజారు? 2006లో భూమిక చేసిన మాయాబజారు? అవి పూర్తిగా వేరే సినిమాలు, పేరు ఒక్కటే కలిసింది.

ఇక బాహుబలి (2015, 2017) తెలుగు, తమిళాల్లో కలిపి తీసింది. హిందీ, మలయాళం డబ్బింగులు. మూల భాష అన్న గడిలో ఒక్క భాషే పడుతుందంటే ఆ గడి తయారుచేసినవాడికి మన సినిమాలు ఎలా తీస్తారో తెలియదన్నమాట.

దీనికి పరిష్కారం లేదా అంటే, ఎప్పుడో ఉంది. ఈఐడీఆర్ అని సినిమాలకి శాశ్వత సంఖ్యలు ఇచ్చే పట్టిక ఒకటి 2010లో మొదలైంది. పుస్తకాలకి ఐఎస్‌బీఎన్ ఎలాగో అలాగన్నమాట. అందులో సినిమా అనే ఊహకి ఒక సంఖ్య, దాని ఒక్కో కూర్పుకి ఒక్కో సంఖ్య, ఆ కూర్పు తాలూకు ఫైళ్ళకి మళ్ళీ వేరే సంఖ్యలు. నలుపు తెలుపు మాయాబజారూ రంగుల మాయాబజారూ ఒకే చెట్టు కింద రెండు కొమ్మలు. 1936 నాటిది వేరే చెట్టు. అమ్మ దేవదాసు కథ కూడా ఇదే. 1953లో అది కూడా తెలుగు, తమిళం రెండూ తీశారు. పేరు కలిసింది, ఏడాది కలిసింది, నాయకుడూ కలిశాడు. ఏదో ప్రోగ్రాము రెండింటినీ ఒకటి చేసేసి తమిళం వివరాలు తెలుగు ఫైలుకి తగిలించి ఉంటుంది. సంఖ్య ఉంటే ఈ గొడవ రాదు. సంఖ్యలేని చోట పేరు పోల్చడమే గతి. మన పేర్లు పోల్చడమంటే, హతవిధీ!

ఎందుకంటే ఆ పేర్లు తెలుగులో ఉండవు. ఇంగ్లీషక్షరాల్లో ఉంటాయి, అవీ సంఖ్యాశాస్త్రం ప్రకారం ఉంటాయి. అల వైకుంఠపురములో (2020) అధికారిక స్పెల్లింగులో ఆర్ రెండుసార్లు, చివర ఓ రెండుసార్లు. ఎవరి జాతకం బాగుపడిందో తెలియదుగానీ వెతికేవాడి జాతకం మాత్రం తిరగబడింది. తెలుగులో రాస్తే దానికి ఒక్కటే స్పెల్లింగు! దీర్ఘాలూ ఒత్తులూ అన్నీ చక్కగా తెలిసే లిపి మన దగ్గర పెట్టుకుని, దాన్ని అవతల పారేసి, దీర్ఘానికి ఎన్ని 'ఏ'లు పెట్టాలా అని తలబాదుకుంటున్నాం.

"తెలుగు లిపి సిస్టంలో పట్టదండీ" అంటారు కొందరు. ఇంకా! తెలుగు యూనికోడులో 1991నుంచీ ఉంది. ఇళ్ళల్లో కూర్చుని లేఖినిలో టైపుచేసి వేలకొద్దీ పేజీలు నింపినవాళ్ళున్నారు, జీతం తీసుకునేవాళ్ళకి పట్టకపోవడమేంటి? మెటాడేటా ఫైళ్ళ ప్రమాణాల్లో ఒకే సినిమాకి ఎన్ని భాషల్లోనైనా పేరు, సారాంశం ఇవ్వొచ్చు. ఇంగ్లీషక్షరాల్లో రాసిన తెలుగు పేరుకి 'లాటిన్ లిపిలో తెలుగు' అని చెప్పే కోడు కూడా ఉంది. అంటే రెండూ ఇవ్వొచ్చు, దేనికీ అన్యాయం జరగదు. ఇవ్వం, అంతే.

ఒక్క నిజమైన ఇబ్బంది ఉంది, అది మా ప్రోగ్రామర్ల పాపం. సారాంశాలకి హద్దులుంటాయి: 190 అక్షరాలు, 400, 4000. మరి అక్షరం అంటే ఏంటి? 'స్త్రీ' మనకి ఒక్క అక్షరం. యూనికోడులో అది ఆరు సంకేతాలు, ఫైల్లో పద్ధెనిమిది బైట్లు. ఇంగ్లీషు తప్ప మరోటి ఎరగని ఇంజనీరు బైట్లు లెక్కపెట్టి 190 దగ్గర కత్తిరిస్తే మనకి మిగిలేది అరవై మూడు సంకేతాలు. అంటే ఒకటిన్నర వాక్యం. చివర్న 'శాస్త్రి'గారు 'శాస్త్'గా మిగిలిపోతారు. ఈ తప్పు నేను కూడా ఒకసారి చేశాను. ఇంకొకడిది పట్టుకుని నానా తిట్లూ తిట్టాక తెలిసింది అది నా పాత కోడే అని :)

పేర్ల దగ్గరకొస్తే ఇంకో రామాయణం. షీట్లో 'మొదటి పేరు', 'ఇంటిపేరు' అని రెండు గడులు. మనకేమో ఇంటిపేరే మొదటి పేరు! అక్కినేనివారు ఒకచోట అక్కినేని అనే ముద్దుపేరు, నాగేశ్వరరావు అనే వంశనామం గల మనిషి అయిపోతారు. సిరివెన్నెల సీతారామశాస్త్రి ఇంటిపేరు చేంబోలు. సిరివెన్నెల 1986 నాటి సినిమా పేరు, అది ఆయనకి అతుక్కుపోయింది. నేను చూసిన షీట్లో ఆయన ముగ్గురు మనుషులు: ఒక సిరివెన్నెల, ఒక శాస్త్రి, ఒక సీతారామ. అదీ ఆయన పేరు రాసిన వరసల్లో. చాలా వరసల్లో పాటల రచయిత గడి ఖాళీ. మాటల రచయిత గడి అసలు షీట్లోనే లేదు! మాయాబజారు నుంచి పింగళి నాగేంద్రరావుని తీసేస్తే మిగిలేదేంటండీ? మనం ఇప్పటికీ అనుకునే అసమదీయులు, వీరతాళ్ళు ఎవరి పుణ్యం?

ఇది గౌరవం సంగతి మాత్రమే కాదు. 2012లో కాపీరైటు చట్టం మార్చి పాటల రచయితలకీ సంగీత దర్శకులకీ రాయల్టీ హక్కు ఇచ్చారు, దాన్ని నిర్మాతకి రాసిచ్చేసినా చెల్లదన్నారు. ఆ లెక్కలకి క్యూషీటు అని వేరే పత్రం ఉంటుంది నిజమే. నేను చూసినచోట రెండూ నింపింది ఒకే కుర్రాడు, ఒకే మధ్యాహ్నం, ఒకే నిర్లక్ష్యంతో. తప్పు వాడిది కూడా కాదు. వాడికి సినిమాకింత అని లెక్కగట్టి ఇస్తారు. సినిమా చూడ్డానికి సమయం ఇవ్వరు. అందుకే సారాంశాలన్నీ 'ఒక యువకుడు అనుకోని పరిస్థితుల్లో చిక్కుకుంటాడు' తరహాలో ఉంటాయి. ఘటోత్కచుడు కూడా ఆ యువకుడే.

ఇప్పుడు కొత్త పాట: "ఏఐ వచ్చేసిందిగా, అదే నింపేస్తుంది". నింపుతుంది. నేనూ వాడి చూశాను. పని సులువవుతుంది, కాదనను. కానీ అది చదువుకున్నది ఎక్కడ? మనం తప్పులు రాసిపెట్టిన చోటే. హిందీ అని వందసార్లు రాస్తే అదీ హిందీ అనే అంటుంది, మనకంటే నమ్మకంగా అంటుంది.

పోనీ సరైన సమాచారం దొరకదా? ప్రతి సినిమాలోనూ ఉంది! మొదట్లో పేర్లు పడతాయి చూడండి, అదే. పాత సినిమాల్లో అయితే చక్కటి తెలుగులో, మాటలు ఎవరు, పాటలు ఎవరు, కళ ఎవరు, నృత్యం ఎవరు అని వరసగా ఉంటుంది. ఆ రోజుల్లో అద్దాల మీద చేత్తో రాసి పెట్టినవాళ్ళు మెటాడేటా అన్న మాట వినకుండానే ఆ పని పూర్తిచేసి వెళ్ళిపోయారు. మనం వీడియో ఆపి చూసి రాసుకోవాలి. ఒక సినిమాకి ఒద్దికగా కూర్చుంటే నాకు పట్టింది రెండు, మూడు గంటలు. (ఇప్పటి సినిమాల్లో ఆ పేర్లు కూడా ఇంగ్లీషులోనే వేస్తున్నారు, అది మరో ఏడుపు.)

'తెలుగు పేరు' గడి ఖాళీగా ఉంటే ఫైలు తిరస్కరించేట్టు నేను మా పనిముట్టులో రాశాను. రెండు రోజులు నడిచింది. మూడో రోజు పైనుంచి ఫోను: సరుకు ఆగిపోతోంది, తీసెయ్యి. తీసెయ్యనన్నాను. చివరికి బేరం కుదిరి దాన్ని హెచ్చరికగా మార్చాను. పసుపు రంగులో వస్తుంది, 'సరే' నొక్కితే పోతుంది. తర్వాత రికార్డులు చూస్తే ఒక్కరంటే ఒక్కరు కూడా వెనక్కెళ్ళి ఆ గడి నింపలేదు. అందరూ తెలుగువాళ్ళే. అందులో సగంమంది ఆస్కారు రోజున నాతోపాటు అరిచినవాళ్ళు.

దేవదాసు గురించి ఆ సర్వీసువాళ్ళ ఫిర్యాదు ఫారం తెరిచాను. కారణం ఎంచుకోమంది: వీడియో ఆగిపోతోంది, శబ్దం రావట్లేదు, సబ్‌టైటిళ్ళు సరిగా లేవు, ఇతరములు. భాష తప్పు, ఏడాది తప్పు అన్నవి జాబితాలో లేవు. ఇతరములు నొక్కి, కింద పెట్టెలో తెలుగులో రాసి పంపాను. అందినట్టు ఒక మెయిలొచ్చింది. హిందీలో.