చెల్లించవలసినది చెల్లిద్దాం, చేయని మోసాన్ని ఒప్పుకోవద్దు

మన యువకుడొకడు రైలులో టికెట్టు లేకుండా పట్టుబడ్డాడని తెలియగానే మన పెద్దల నోట వచ్చే మొదటి మాట “ఎలాగో ఒకలాగు సెటిల్‌మెంట్ చేసుకోండి” అన్నదే. ఈ సెటిల్‌మెంట్ రెండు విధాలుగా సాగుతోంది. రశీదు లేకుండా నాలుగు నోట్లు చేతులు మారడం ఒకటి. మేజిస్ట్రేటు ఎదుట కుర్రవాడిని నిలబెట్టి, “తప్పయింది” అనిపించి, జరిమానా కట్టి, సాయంత్రానికి ఇంటికి తెచ్చుకోవడం రెండవది. ఈ రెండింటినీ మేము వ్యతిరేకిస్తున్నాము. మొదటిది లంచం. రెండవది లంచం కాకపోయినా, దాని ఫలితం ఒక్కొక్కసారి అంతకంటే ఎక్కువ కాలం వెంటాడుతుంది.

చట్టం ఏమంటున్నదో ముందుగా చూద్దాం. 1989 నాటి రైల్వే చట్టంలో 137, 138 అనే రెండు సెక్షన్లు పక్కపక్కనే ఉన్నాయి. చూపునకు ఒకటేననిపించినా వాటి స్వభావం వేరు. రైల్వేను మోసగించే ఉద్దేశంతో టికెట్టు లేకుండా ప్రయాణించినా, ఒకసారి వాడిన టికెట్టునే మళ్లీ వాడినా 137వ సెక్షన్ వర్తిస్తుంది. దానికి ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ప్రత్యేక కారణాలుంటే తప్ప జరిమానా 500 రూపాయలకు తగ్గకూడదు. అది నేరం, దానికి పడేది శిక్ష.

138వ సెక్షన్ దారి వేరు. సరైన టికెట్టు లేని ప్రయాణికుడు ప్రయాణించిన దూరానికి చార్జీ, దానిపై అదనపు రుసుము చెల్లించాలి. అదనపు రుసుము ఆ చార్జీకి సమానంగా గాని, 250 రూపాయలుగా గాని, ఏది ఎక్కువైతే అది ఉంటుంది. చార్జీ 80 రూపాయలైతే మొత్తం 330 అవుతుంది. 400 అయితే 800 అవుతుంది. ఆ సొమ్ము కట్టి రశీదు తీసుకుంటే వ్యవహారం అక్కడితో ముగుస్తుంది. ఇందులో మోసమన్న మాట లేదు, నేర నిర్ధారణ లేదు. చట్టమే చూపించిన సెటిల్‌మెంట్ ఇది. గౌరవమైనది కూడా ఇదే.

కట్టలేకపోతే ఏమవుతుంది? మేజిస్ట్రేటు ద్వారా ఆ సొమ్మును జరిమానా వసూలు చేసినట్లే వసూలు చేస్తారు. అప్పటికీ చెల్లించకపోతే పది రోజులకు తగ్గకుండా నెల వరకు జైలు విధించవచ్చు. కాబట్టి 138ని తేలికగా తీసుకోరాదు. అయినప్పటికీ “బాకీ కట్టలేదు” అనడానికీ “మోసం చేశాడు” అనడానికీ మధ్య ఉన్న దూరం చిన్నది కాదు. ఆ దూరం తెలియకనే మనవాళ్లు మొదటి దాని నుండి బయటపడాలని రెండవ దానికి తల ఒగ్గుతున్నారు.

“ఐదువందలు పారేస్తే పోయేదానికి ఇంత చర్చ ఎందుకు? కోర్టు చుట్టూ తిరిగితే కూలి పోదా?” అని అడిగేవారున్నారు. వారి బాధ మాకు తెలియనిది కాదు. రోజు కూలి పోగొట్టుకోవడమంటే ఆ పూట పొయ్యి వెలగకపోవడమే. కాని ప్రభుత్వ కార్యాలయంలో దశాబ్దాల పాటు దస్త్రాలు చూసిన అనుభవంతో ఒక మాట చెబుతున్నాము. ఉద్యోగం వచ్చిన రోజున అభ్యర్థి నింపవలసిన ధ్రువీకరణ పత్రంలో, “మీపై ఎప్పుడైనా కేసు నడిచిందా, కోర్టు జరిమానా విధించిందా, శిక్ష పడిందా” అన్న ప్రశ్న ఉంటుంది. ఐదువందలు కట్టి మరచిపోయిన సంగతి ఆ గడి దగ్గర మళ్లీ తలెత్తుతుంది. ఉన్నది రాస్తే విచారణ, దాచితే ఉద్యోగానికే ముప్పు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అల్పమైన నేరాన్ని దాచిన సందర్భంలో యజమాని విచక్షణతో క్షమించవచ్చునని చెప్పింది. క్షమించి తీరాలని చెప్పలేదు. మన బిడ్డల విషయంలో ఆ విచక్షణ ఎటు మొగ్గుతుందన్నది పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు.

రైల్వే ఉద్యోగులలో ముస్లింలు 4.5 శాతమేనని సచార్ కమిటీ 2006లో తేల్చింది. టికెట్టు అడిగే చేయి, కేసు రాసే కలం, నిర్ణయించే కుర్చీ – వీటిలో మనవారు ఎంత అరుదో దీనినిబట్టి ఊహించవచ్చు. 2023 జూలై 31న జైపూర్–ముంబయి రైలులో రైల్వే రక్షణ దళ కానిస్టేబులు జరిపిన కాల్పుల్లో అతని పైఅధికారితో పాటు ముగ్గురు ముస్లిం ప్రయాణికులు మరణించారు. వారిలో హైదరాబాదు వాసి ఒకరు. ఆ తర్వాత యూనిఫారం కనబడితే గొంతు తడారిపోయే యువకులను మేము చూశాము. అటువంటి భయంలో ఉన్నవాడు చదవని కాగితంపైనా సంతకం పెడతాడు, చేయని మోసాన్నీ ఒప్పుకుంటాడు. మోసపు ఉద్దేశాన్ని నిరూపించవలసిన భారం ప్రాసిక్యూషన్‌దే. నిందితుడే ఒప్పుకున్న తర్వాత ఇక నిరూపించడానికి ఏముంటుంది?

అట్లని టికెట్టు కొననివాడిని వెనకేసుకొస్తున్నామని ఎవరూ అనుకోరాదు. రైలు ప్రజల సొమ్ము, అంటే అమానతు. కొలతలో, తూకంలో తగ్గించేవారిని ఖుర్‌ఆన్ 83వ సూరా ఎంత తీవ్రంగా హెచ్చరించిందో మస్జిదులో విన్నవాడే, ధార్మిక సమావేశానికి వెళుతూ “గుంపులో మమ్మల్ని ఎవడు అడుగుతాడు” అంటే సహించవలసిన పని లేదు. ప్రభుత్వం మనకు అన్యాయం చేస్తున్నది కాబట్టి చార్జీ ఎగవేత అన్యాయం కాదన్న వాదన వినడానికి బాగుంటుందేమో గాని, ధర్మం ముందూ చట్టం ముందూ నిలవదు. మన హక్కులు అడిగే నోటికి మన బాకీ అడ్డుపడకూడదు.

ఎవరైనా చిక్కుకుంటే చేయవలసినది ఇది. పారిపోవద్దు, దొంగ పేరు చెప్పవద్దు. టికెట్టు కొనే వ్యవధి లేక ఎక్కవలసి వస్తే ముందుగానే రైల్వే ఉద్యోగిని కలిసి అనుమతి కోరాలి. 55వ సెక్షన్ అందుకు వీలు కల్పించింది. అనుమతి పత్రం ఉన్నవారిపై అదనపు రుసుము పడదు. ఎక్కిన స్టేషను ఏదో చూపించే ఆధారం దగ్గర ఉంచుకోవాలి. సందేహం వస్తే రైలు బయలుదేరిన స్టేషను నుండే చార్జీ లెక్కిస్తారు. సొమ్ము కట్టి రశీదు అడగాలి. తోడుగా మగవారు లేని స్త్రీని గాని, పిల్లలను గాని ఎక్కడ పడితే అక్కడ దింపివేయరాదు. ఎక్కిన స్టేషను, జంక్షను, చివరి స్టేషను, జిల్లా కేంద్రం – వీటిలోనే, అదీ పగటి పూటనే దింపాలని 139వ సెక్షన్ చెబుతున్నది. ఈ సంగతి మన ఆడబిడ్డలందరికీ తెలియాలి.

కోర్టు వరకు వెళితే “నేరం ఒప్పుకుంటావా” అన్న ప్రశ్నకు జవాబు చెప్పేముందు న్యాయవాదిని అడిగే హక్కు ఉంది. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయవచ్చు. 1987 నాటి చట్టం ప్రకారం ఉచిత సహాయానికి అర్హులైన వారి జాబితాలో మత అల్పసంఖ్యాకుల పేరు లేదు. అయితే స్త్రీలు, పిల్లలు, నిర్బంధంలో ఉన్నవారు, పారిశ్రామిక కార్మికులు, తక్కువ ఆదాయం గలవారు ఉన్నారు. మనలో చిక్కుకునేవారిలో ఎక్కువమంది ఈ కోవలలోనివారే. తప్పు నిజంగా జరిగి, అది మొదటిసారి అయితే, 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మందలించి విడిచిపెట్టమని కోర్టును వేడుకోవచ్చు. అలా విడుదలైనవారికి శిక్ష వల్ల కలిగే అనర్హత అంటదని ఆ చట్టం 12వ సెక్షన్ చెబుతున్నది. ఐదువందలు కట్టి వచ్చేసేవారిలో ఈ మాట చెవిన పడినవారు ఎందరు?

రైల్వేను మేము అడిగేవి రెండే. 138వ సెక్షన్ కింద సొమ్ము కట్టి బయటపడవచ్చునన్న సంగతిని ప్రతి స్టేషనులో తెలుగులో, ఉర్దూలో రాసిపెట్టాలి. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఉర్దూ రెండవ అధికార భాష. ఇది దయగా అడిగేది కాదు. రెండవది, మూకుమ్మడి తనిఖీలలో పట్టుకున్నవారిని మేజిస్ట్రేటు ముందుకు తెచ్చే చోట న్యాయసేవా సంస్థ వకీలును ఉంచాలి.

మస్జిదు కమిటీలను అడిగేది ఒక్కటి. జరిమానా కట్టడానికి చందా పోగుచేసే శ్రద్ధలో సగమైనా, జుమా తర్వాత పది నిమిషాలు ఈ రెండు సెక్షన్లను వివరించడానికి పెట్టండి. ప్రతి మొహల్లాలో చదువుకున్న ఇద్దరు యువకులు జిల్లా న్యాయసేవా సంస్థ వద్ద శిక్షణ పొందితే, మధ్యవర్తుల వ్యాపారం తనంతట తానే మూతపడుతుంది. బాకీ ఉంటే పైసాతో సహా తీర్చుదాం. చేయని మోసాన్ని మాత్రం మన బిడ్డల నోట మనమే పలికించవద్దు.