ఊరందరి నంబర్లకు ఒక్కరి అనుమతా?

కొత్త ఫోన్‌లో సామాజిక మాధ్యమ యాప్ వేసుకోగానే వచ్చే తొలి ప్రశ్నల్లో ఒకటి: మీ స్నేహితులను వెతికిపెట్టమంటారా? ‘కొనసాగించు’ అన్న మీట పెద్దగా, రంగులో ఉంటుంది. ‘ఇప్పుడు కాదు’ అన్నది దాని కింద చిన్న అక్షరాల్లో నక్కి ఉంటుంది. పైదాన్ని నొక్కి అనుమతిస్తే ఫోన్‌బుక్ మొత్తం కంపెనీ సర్వర్లకు చేరుతుంది. అందులో స్నేహితులే ఉండరు. గ్యాస్ శీను, పాల రాములమ్మ, పిల్లల డాక్టరు, ఆస్తి కేసు చూస్తున్న వకీలు, ఎప్పుడో తప్పిపోయిన పెళ్లి సంబంధం తాలూకు పెద్దమనిషి, ఇలా అందరి నంబర్లూ పోతాయి. చాలా యాప్‌లలో మనం పెట్టుకున్న పేర్లతో సహా పోతాయి. వాళ్లలో ఒక్కరినీ ఎవరూ అడగలేదు.

చదవకుండా నొక్కిన వినియోగదారుడిదే తప్పన్న వాదన చెల్లదు. ఎంత శ్రద్ధగా చదివినా పక్కింటివాళ్ల నంబరు ఇచ్చే హక్కు అతనికి రాదు. ఇవ్వలేని దాన్ని అడగడమే అసలు తప్పు.

దీని ఫలితం మనకు తెలియనిది కాదు. ఒక క్విజ్ యాప్ ద్వారా ఫేస్‌బుక్ వినియోగదారుల సమాచారాన్ని రాబట్టుకున్న కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారం 2018లో బయటపడినప్పుడు, ఆ యాప్‌ను మన దేశంలో వేసుకున్నది 335 మందేనని ఫేస్‌బుక్ చెప్పింది. వారి స్నేహితులతో కలిపి సమాచారం బయటికి పోయి ఉండొచ్చని అదే సంస్థ లెక్కగట్టిన భారతీయులు 5,62,455 మంది. 2020 చివర్లో తెలంగాణ ఇంతకన్నా ఘోరం చూసింది. లోన్‌యాప్‌లు అప్పు తీసుకున్నవారి కాంటాక్టులన్నీ లాక్కుని బంధువులకు, తోటి ఉద్యోగులకు అవమానకరమైన సందేశాలు పంపాయి. ఆ వేధింపులు తాళలేక ప్రాణాలు తీసుకున్నవారున్నారు. 2022లో రిజర్వు బ్యాంకు కళ్లు తెరిచి, రుణ యాప్‌లు కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫైళ్ల జోలికి పోరాదని ఆదేశించింది. అప్పిచ్చేవాడికి అక్కర్లేని జాబితా ఫొటోలు, రీల్స్ చూపించేవాడికి ఎందుకు?

గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో తేల్చింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. వైద్య సలహాల యాప్‌కు కాంటాక్టులు చూసే అనుమతి ఇచ్చినా, వైద్యానికి అది అవసరం లేదు గనుక ఆ మేరకు చెల్లదని ఆ చట్టమే ఉదాహరణ ఇచ్చింది. మంచి మాటే. కానీ సామాజిక మాధ్యమ సంస్థలు ‘స్నేహితులను కలపడమే మా సేవ’ అని సులువుగా తప్పించుకోగలవు. ఆ సందు మూయాల్సిందే. స్నేహితులను కలపడానికి ఫోన్‌బుక్ అంతా గుంజుకోనక్కర్లేదు. ఎంచుకున్న నంబర్లనే యాప్‌కు చూపే వీలు 2024 నుంచి ఐఫోన్లలో ఉంది.

పాఠకులు ఈరోజే ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఏ యాప్‌కు కాంటాక్టుల అనుమతి ఉందో చూసి తీసేయాలి. అయితే దాంతో ఇకపై వెళ్లేవి ఆగుతాయే తప్ప ఇప్పటికే వెళ్లినవి వెనక్కి రావు. వాటిని తుడిచేయాలంటే ఆయా యాప్‌ల లోపల ‘అప్‌లోడ్ చేసిన కాంటాక్టులు’ ఎక్కడున్నాయో వెతికి పట్టుకోవాలి. చదువుకున్నవాళ్లకే దొరకని ఆ చోటును ఇంట్లో పెద్దవాళ్లు ఎలా కనిపెడతారు? అవగాహన సదస్సులతో తీరే సమస్య కాదిది.

అనుమతి అడిగేటప్పుడు ఇచ్చే నోటీసును తెలుగు సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలు కల్పించాలని డేటా రక్షణ చట్టం చెబుతోంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చినా, కంపెనీల ప్రధాన బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు. రోజూ కోట్ల మంది చేత మీటలు నొక్కించుకుంటున్న సంస్థలకు నాలుగు వాక్యాలు తెలుగులో రాయడానికి అంత కాలం అక్కర్లేదు. ఫోన్‌బుక్ మూకుమ్మడి అప్‌లోడ్‌ను కేంద్రం పూర్తిగా నిషేధించాలి. ఆయా యాప్‌లలో ఖాతాయే లేని మనుషుల నంబర్లు ఇప్పటికే ఎన్ని పోగుపడ్డాయో కంపెనీల చేత లెక్క చెప్పించి, వాటిని తుడిపించాలి.