అద్దాలు ముందు కడగండి, తర్వాతే తుడవండి

మీ ఇంట్లో ఎన్ని జతల కళ్లద్దాలు ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. నాన్నవి పేపర్ చదవడానికి, అమ్మవి బియ్యం ఏరడానికి, పిల్లలవి బడికి. మన రాష్ట్రంలో 2018 ఆగస్టు 15న మొదలైన ‘కంటి వెలుగు’ రెండో విడత 2023 జనవరిలో ఆరంభమైంది. రెండు విడతల్లోనూ కోటిన్నర మందికి పైగా కంటి పరీక్షలు జరిగాయి. అవసరమైన వారికి ఉచితంగా అద్దాలు అందాయి. అలా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లోని పల్లెలకూ అద్దాలు చేరాయి. వాటిని ఎలా శుభ్రం చేసుకోవాలన్న మాట మాత్రం చాలా ఇళ్లకు చేరలేదు.

అద్దాలు మసకబారగానే మనం చేసే పని ఒకటే. నోటితో ‘హా’ అని ఊది చీర కొంగుతోనో, చొక్కా అంచుతోనో, భుజం మీది తువ్వాలుతోనో గట్టిగా రుద్దేస్తాం. అద్దాలను పాడుచేసేది సరిగ్గా ఈ అలవాటే.

ఇప్పుడు మనం వాడే అద్దాల్లో చాలావరకు గాజువి కావు, ప్లాస్టిక్‌వి. తేలికగా ఉంటాయి, కిందపడినా ముక్కలు కావు. కానీ సులువుగా గీతలు పడతాయి. మన దుమ్ములో సన్నని ఇసుక ఉంటుంది. ఆ రేణువులు గాజు కంటే కూడా గట్టివి. పొడి గుడ్డతో రుద్దితే అవి గరుకు కాగితంలా పనిచేస్తాయి. వనపర్తి మార్కెట్ యార్డులో పల్లి కుప్పల మధ్య తిరిగేవారికైనా, నల్లమల దారిలో బండి మీద వెళ్లే నాగర్‌కర్నూల్ ఉద్యోగికైనా సాయంత్రానికి అద్దాల మీద మిగిలేది ఈ దుమ్మే. టిష్యూ పేపర్ మెత్తగా అనిపించినా అందులో ఉండేది కలప పీచు. అదీ పనికిరాదు.

గీతలు పడిన అద్దాలతో కన్ను చెడిపోదు. కానీ వెలుతురు చెదిరిపోయి కనబడుతుంది, కళ్లు అలసిపోతాయి, తల నొప్పి పెడుతుంది. గద్వాల మగ్గం ముందు కూర్చునే నేతన్న సంగతే చూడండి. నూలు చీరకు పట్టు అంచును పోగు పోగునా కలపాల్సిన పని అది. నలభై దాటాక ఆ పోగు అద్దాల్లోంచే కనబడాలి. అద్దం మసకబారితే పని నెమ్మదిస్తుంది, ఆ రోజు కూలీ తగ్గుతుంది.

అందుకే ముందు కడగాలి, తర్వాతే తుడవాలి. మొదట చేతులు సబ్బుతో కడుక్కోండి. అద్దాలను కుళాయి ధార కింద పట్టి దుమ్మంతా పోనివ్వండి. నీళ్లు చల్లగానో గోరువెచ్చగానో ఉండాలి. వేడినీళ్లు వద్దు, పైపూత దెబ్బతింటుంది. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేలి మీద వేసుకుని రెండు వైపులా మెల్లగా రాయండి. ముక్కు దగ్గరి ప్యాడ్లను, చెవుల మీద ఆనే కాడలను మరవకండి. చెమట, జిడ్డు, సూక్ష్మక్రిములు ఎక్కువగా చేరేది అక్కడే. మళ్లీ ధార కింద కడిగి, నీళ్లు విదిలించి, ఉతికిన మెత్తటి నూలు గుడ్డతో గానీ అద్దాలతో ఇచ్చిన గుడ్డతో గానీ అద్దండి. ఇదంతా రెండు నిమిషాల పని.

మన దగ్గర బోరు నీళ్లు వాడే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ నీళ్లు ఆరితే అద్దాల మీద తెల్లటి మరకలు మిగులుతాయి. చివరిసారి తాగే నీళ్లతో కడిగి వెంటనే తుడిస్తే ఆ బాధ ఉండదు. తుడిచే గుడ్డను కూడా వారానికోసారి ఉతకాలి. మురికి గుడ్డతో తుడిస్తే కడిగిన ఫలితం ఉండదు.

క్రిములు పోవాలంటే శానిటైజర్ కావాలి కదా అని మీరు అడగవచ్చు. కరోనా రోజుల్లో చాలామంది అదే చేశారు. నిజానికి రోజువారీ వాడకానికి సబ్బు, నీళ్లు చాలు. చేతులకు రాసుకునే శానిటైజర్‌లోని ఆల్కహాల్ కొన్ని అద్దాల పైపూతను, ఫ్రేమును దెబ్బతీయవచ్చు. బ్లీచింగ్, వెనిగర్, కిటికీ అద్దాలు తుడిచే ద్రవం, గోళ్లరంగు తుడిచే ద్రవం అసలే వద్దు. గీతలు పోతాయని టూత్‌పేస్టు రుద్దితే మరిన్ని గీతలు పడతాయి. పడిన గీతను పోగొట్టే మందు లేదు. ఇంకా అనుమానం ఉంటే కళ్లద్దాల షాపులో మీ అద్దాలకు సరిపడే ద్రవమేదో అడగండి.

కళ్లకలక వచ్చినప్పుడు మాత్రం మరింత జాగ్రత్త అవసరం. 2023 వానాకాలంలో అది ఇంటింటికీ ఎలా పాకిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఎదుటివారి కళ్లలోకి చూస్తే అది అంటదు. చేతులు, తువ్వాళ్లు, దిండు గలీబులు, అద్దాల ద్వారా అంటుతుంది. ఆ వైరస్ వస్తువుల మీద రోజుల తరబడి బతకగలదు. జబ్బుపడిన వారి అద్దాలు విడిగా ఉంచి రోజూ సబ్బుతో కడగండి. ఒకరి అద్దాలు ఇంకొకరు పెట్టుకోకండి. శుక్లాల ఆపరేషన్ అయిన పెద్దలకు పక్కింటివారి పాత నల్ల కళ్లజోడు తెచ్చి పెట్టకండి.

పత్తి చేలో మందు కొట్టి వచ్చినవారు అవే చేతులతో అద్దాలు సర్దుకోవడం ప్రమాదం. చేతులు, ముఖం, అద్దాలు మూడూ సబ్బుతో కడిగాకే ఇంట్లోకి రావాలి. మందు కంట్లో పడితే పదిహేను నిమిషాలకు తగ్గకుండా శుభ్రమైన నీళ్లతో కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంట్లోని అద్దాలన్నీ పైన చెప్పినట్టు కడిగి వెలుతురుకెదురుగా పట్టి చూడండి. గీతలు నిండి ఉంటే మార్చండి. అద్దాలు తేటగా ఉన్నా చూపు మసకగానే ఉంటే లోపం కంటిలో ఉండవచ్చు. అది శుక్లం కావచ్చు, షుగర్ వల్ల వచ్చిన సమస్య కావచ్చు. కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. ‘వయసు మీద పడింది, అంతే’ అని ఊరుకునే పెద్దల్ని మీరే వెంటబెట్టుకెళ్లండి.

అద్దాలు పంచేవారికీ అమ్మేవారికీ ఒక విన్నపం. అద్దాలతో పాటు ఒక డబ్బా, మెత్తటి గుడ్డ, కడిగే పద్ధతి గురించి రెండు మాటలు కూడా ఇవ్వండి. వాటితో ఆ అద్దాలు ఎక్కువ కాలం నిలుస్తాయి.